లెక్కల భయం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాయంత్రం తరగతుల్లో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుల తరఫున మాట్లాడమన్నారు. భోజనాల వేళ అవుతోంది కాబట్టి ఎక్కువసేపు తీసుకోం.

ఒక పాప సంగతి చెబుతాం. అప్పుడు ఏడో తరగతి. లెక్కల పుస్తకం తీయమంటే కడుపునొప్పి అనేది. సాకు అనుకున్నాం. ఒకరోజు బోర్డు దగ్గరకు పిలిచి 12ను 7తో గుణించమన్నాం. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక పిల్లలు నవ్వారు. "ఏడో తరగతికి వచ్చావు, ఇది కూడా రాదా?" అన్నది మాత్రం మేమే. మర్నాటి నుంచి పాప రాలేదు. బి.ఇడి. చదివి, ఇన్నేళ్లు బడిలో పనిచేసి మేము చేసిన నిర్వాకం అది.

వారం తర్వాత వెతుక్కుంటూ వెళ్లాం. తండ్రిది గాజుల బండి. పాప బండి దగ్గరే ఉంది. మా కళ్లముందే ఒకామె డజను నలభై రూపాయల గాజులు ఢాయీ డజను అడిగింది. పాప తలెత్తకుండానే "వంద" అంది. రెండు వందల నోటు తీసుకుని చిల్లర ఇచ్చేసి, ఆ తర్వాత మమ్మల్ని చూసి బండి వెనక్కి వెళ్లిపోయింది.

తండ్రి కుర్చీ వేశాడు. "దీనికి చదువు అబ్బదు సార్. లెక్కలు నాకూ రాలేదు, వాళ్ల అమ్మీకీ రాలేదు. ఈ ఏడాదితో మాన్పించేస్తాం" అన్నాడు.

బండి దగ్గర వచ్చిన లెక్క బోర్డు దగ్గర ఎందుకు రాలేదు? లెక్క చేసేటప్పుడు కొన్ని అంకెలను కాసేపు మనసులో నిలుపుకోవాలి. భయం వచ్చి సరిగ్గా ఆ చోటునే ఆక్రమిస్తుంది. అమెరికాలో మార్క్ యాష్‌క్రాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద చాలా పని చేశారు. మా డిగ్రీ రోజుల్లో మాకెవరూ చెప్పలేదు, లేదా మేమే వినలేదు.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగో ఇంగ్లీషో. తెలుగులో ముప్పై తొమ్మిది అంటే ముప్పై ముందే వినిపిస్తుంది. ఉర్దూలో ఉన్తాలీస్, అంటే నలభైకి ఒకటి తక్కువ. చెవిలో 'తాలీస్' పడిన పిల్లవాడు 49 రాస్తాడు. దాన్ని మొద్దుతనం అనుకుని ఎంతమందికి మొట్టికాయలు వేశామో! అదే ఉర్దూలో సవా, డేఢ్, ఢాయీ, పౌనే అనే మాటలున్నాయి. ఇవి తెలిసిన పిల్లలకు భిన్నాలు సగం వచ్చినట్టే. ఆ ఆస్తిని మేము ఇన్నాళ్లూ వాడుకోలేదు.

తండ్రిని ఒక్క ఏడాది గడువు అడిగాం. ఇంట్లో "మాకూ రాదు" అనే మాట అనవద్దన్నాం. ఇది ఊరికే చెప్పింది కాదు. లెక్కలంటే బెదిరే తల్లిదండ్రులు తరచూ కూర్చుని హోంవర్క్ చేయిస్తే చిన్న తరగతుల పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకుంటారని 2015లో అక్కడే ఒక పరిశోధన వచ్చింది. హోంవర్క్ మాకు వదిలేసి, బండి లెక్కలు మాత్రం పాప చేతే చేయించమన్నాం.

తరగతిలో గడియారం పెట్టి ఎక్కాలు అడగడం మానేశాం. బోర్డు దగ్గరకు ఇష్టమైనవాళ్లే వస్తారు. పాపతో ఏడు డజన్ల గాజులు లెక్కపెట్టించాం. పదేసి చొప్పున డెబ్బై, మిగిలిన రెండేసి పద్నాలుగు, మొత్తం ఎనభై నాలుగు. తప్పు చేస్తే "ఎలా చేశావమ్మా?" అని అడుగుతాం. చెబుతూ చెబుతూ తప్పు తనే పట్టుకుంటుంది. రంజానుకు ముందు జకాత్ లెక్క ఇచ్చాం. లక్షలో నలభయ్యో వంతు రెండు వేల అయిదు వందలని చెప్పి, అదే రెండున్నర శాతం అని తనే అంది. నాలుగు నెలలు పట్టింది ఇక్కడికి రావడానికి. మధ్యలో రెండుసార్లు మళ్లీ కడుపునొప్పి వచ్చింది.

ఇక మీతో ఒక మాట, తప్పుగా అనుకోవద్దు. ఏటా బహుమతుల సభలో అందరి మార్కులూ మైకులో చదువుతున్నాం. మొదటి ముగ్గురికీ సంతోషమే. పదకొండు మార్కులు వచ్చిన పిల్లవాడు కూడా ఆ సభలోనే, వాళ్ల నాన్న పక్కనే కూర్చుని ఉంటాడు. ఈ ఏడాది నుంచి ఆ చదవడం ఆపమని కోరుతున్నాం. నోటుపుస్తకాలు చాలినన్ని వచ్చాయి, మీకు రుణపడి ఉంటాం. ఇప్పుడు కావలసింది ఇంకో టీచరు జీతం. నలభై మందిని ఒక్కరే చూస్తే ఎవరు ఎక్కడ ఆగిపోయారో కనిపించదు.

పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో నూటికి 41 వచ్చాయి. పరీక్ష రోజు చేతులకు ఇప్పటికీ చెమటలు పడతాయి, రుమాలు తెచ్చుకుంటుంది. పదో తరగతి దాకా చదివిస్తానని తండ్రి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత సంగతి ఇంకా తేలలేదు, అడుగుతూనే ఉన్నాం.