కెమెరా ముందు కిన్నెర

1957 జనవరిలో అమెరికాలో ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో ఎల్విస్ ప్రెస్లీ పాడుతుంటే, కెమెరా ఆయన్ని నడుము నుంచి పైకే చూపించింది. ఆయన నడుము ఊపు ఇంటిల్లిపాదీ చూసేది కాదన్న భయం! మన పాలమూరు పాటకైతే తెర దొరకడానికే ఎన్నో ఏళ్లు పట్టింది. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడతారు. పొడుగాటి వెదురు, దాని కింద ఎండు సొరకాయ బుర్రలు, తేనెమైనంతో నిలిపిన మెట్లు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆ గొంతు ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. టీవీవాళ్లకు నాదొక్కటే మనవి: కిన్నెర పాట తీసేటప్పుడు ముఖం దగ్గరే ఆగిపోకండి. మెట్ల మీద వేళ్లు ఎలా కదులుతున్నాయో దగ్గరగా చూపించండి. నేర్చుకోవాలనుకునే పిల్లలకు కావలసింది అదే.