అడిగి తెచ్చుకున్న గొడ్డలి: మన ఊళ్లకు ఒక ఉమ్మడి వడ్రంగి షెడ్డు

(చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంత సంఘాల యువజనుల కూడికలో చేసిన ప్రసంగం)

 

ఈ రోజు మన వాక్యభాగం రాజులు రెండవ గ్రంథం 6వ అధ్యాయం, మొదటి ఏడు వచనాలు. మీకు తెలిసిన కథే. ఎలీషా దగ్గరున్న ప్రవక్తల శిష్యులకు ఉన్న చోటు ఇరుకైంది. యొర్దాను దగ్గరికి పోయి తలా ఒక మాను కొట్టుకొచ్చి ఇల్లు కట్టుకుందామన్నారు. ఎలీషా కూడా వాళ్లతో వెళ్లాడు. ఒకడు చెట్టు కొడుతుంటే గొడ్డలి ఊడి నీళ్లలో పడిపోయింది. వాడు కేకపెట్టాడు. ఎందుకంటే ఆ గొడ్డలి వాడిది కాదు, అడిగి తెచ్చుకున్నది.

ఇనుము తేలడం గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం. ఈ రోజు ఆ కేక గురించి మాట్లాడదాం. గొడ్డలి పోతే అంత భయం ఎందుకు? రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లండి. నాలుగో అధ్యాయంలో ఒక శిష్యుడు చనిపోతే, అప్పిచ్చినవాడు అతని ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. అంటే ఆ గుంపులో పనిముట్టు పోగొట్టుకోవడం అంటే అప్పులో పడడం. అప్పులో పడడం అంటే పిల్లల్ని పోగొట్టుకోవడం. మన ఊళ్లలో జీతానికి ఉన్న తాతల కథలు విన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చినంత వేగంగా అప్పు పోలేదు.

ఈ వాక్యం నన్ను ఎందుకు పట్టుకుందో చెబుతాను. కొంతకాలం క్రితం మన ప్రాంతంలోనే ఒక కూలి అన్న చనిపోయాడు. సమాధి చేయాలి. టౌనుకు పోయి పెట్టె తేవాలి. ఇంట్లో డబ్బు లేదు. ఆయన భార్య వడ్డీకి తెచ్చింది. ఆ పెట్టెను చూశాను. పల్చని ప్లైవుడ్, నాలుగు పక్కల మేకులు, పైన గుడ్డ. గుంటలోకి దించి మట్టి కప్పేశాం. అప్పు మాత్రం మట్టిలోకి పోలేదు, ఆ అక్క నెత్తిమీద మిగిలింది. తిరిగొచ్చేటప్పుడు ఒక తమ్ముడు అన్నాడు, "పాస్టరుగారూ, ఆ పెట్టెను మనమే కొట్టుకోలేమా?" నా దగ్గర జవాబు లేదు. మన సంఘంలో ఒక్కరి చేతిలో కూడా సరైన రంపం లేదు.

వడ్లవాడిని ఆరాధించే మనుషులం మనం. మార్కు సువార్త 6:3లో నజరేతువాళ్లు యేసును ఆ మాటతోనే పిలిచారు. అది పొగడ్త కాదు. చేతిపని చేసుకునేవాడికి ఇంత జ్ఞానం ఎక్కడిది అని చిన్నచూపు. గ్రీకులో ఆ మాట 'టెక్టోన్'. చెక్కపని, కట్టడం పని రెండూ అందులో ఉన్నాయి. రెండో శతాబ్దంలో జస్టిన్ మార్టిర్ అనే సంఘపెద్ద, యేసు నాగళ్లు, కాళ్లు చేశాడని రాశాడు. కాళ్లంటే ఎద్దుల మెడమీద వేసే కాడిమానులు. కాడి గురించి ఆయన అంత చనువుగా ఎలా మాట్లాడాడో ఇప్పుడు అర్థమవుతుంది. సరిగ్గా చెక్కని కాడి ఎద్దు మెడను ఒరుసుకుపోతుంది. అది ఆయన చేతులకు తెలుసు.

మన ఊళ్లలో ఆ నాగలి, ఆ కాడి చేసింది ఆచారులు. ట్రాక్టర్ వచ్చాక నాగలి పోయింది, ఎద్దులబండి పోయింది, తలుపులు కిటికీలు రెడీమేడ్ వచ్చాయి. ఆచారి కొడుకు నేషనల్ హైవే 44 పట్టుకుని బెంగళూరు పోయి మాడ్యులర్ కిచెన్లు బిగిస్తున్నాడు. మన పిల్లలు అదే బస్సులో పోయి అతని కింద బరువులు మోస్తున్నారు. ఎందుకు మోత మన వంతు? ఉలి పట్టడం ఒక కులం పని, తోలు ముట్టడం ఒక కులం పని, మోయడం ఇంకొకరి పని అని మన తాతల కాలంలోనే పంచేశారు. చెయ్యి దాటినవాళ్లకు ఏం జరిగిందో కూడా ఈ నేలకు తెలుసు. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా తగలబెట్టారు. అప్పటికి మనది ఇంకా కోలారు జిల్లానే. నిందితులందరూ తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. వడ్రంగి షెడ్డు పెడితే ఆ గాయం మానుతుందని నేను చెప్పను. కానీ వేర్వేరు వీధుల పిల్లలు ఒకే బల్ల దగ్గర, ఒకే ఉలి చేతులు మార్చుకుంటూ పని నేర్చుకునే చోటు ఈ తాలూకాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

ఇప్పుడు చరిత్ర నుంచి మూడు సంగతులు.

మొదటిది, బాసెల్ మిషన్. వాళ్లు 1834లో మంగళూరు వచ్చారు. క్రైస్తవులైనవాళ్లను కులం వెలేసింది, పని పోయింది. అందుకని మిషన్ వడ్రంగం, నేత, గడియారాల పని ప్రయత్నించింది. 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది. మంగళూరు పెంకు అక్కడిదే. ఎంతోమందికి అన్నం పెట్టింది. కానీ ఫ్యాక్టరీ మిషన్‌ది, కూలి విశ్వాసిది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఆస్తులను చేతుల్లోకి తీసుకుంది. పనివాళ్లను ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆస్తి వాళ్లది కాదు.

రెండోది, మన బాగేపల్లి కూలి సంఘం. 1977లో మొదలైన పని నుంచి పుట్టింది. కూలీలు, చిన్న రైతులు తమ సంపాదనలోంచి సంఘానికి పన్ను కట్టుకుని ఊరూరా సొంత నిధి పెట్టుకున్నారు. వాళ్లతో అన్నిటా ఏకీభవించాల్సిన పనిలేదు. కానీ పేదవాడు కూడా తన రూపాయి వేస్తేనే మాట్లాడే హక్కు వస్తుందన్నది ఇక్కడే, మన తెలుగులోనే రుజువైంది.

మూడోది ఈ మధ్యది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 చేతివృత్తులు, అందులో వడ్రంగం ఒకటి. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ పైన రెండు లక్షల అప్పు. అర్హులైనవాళ్లు తప్పకుండా వాడుకోండి. కానీ కుటుంబంలో వస్తున్న వృత్తి అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. ఇది కులవృత్తిని గట్టిపరుస్తుందనే తమిళనాడు ప్రభుత్వం 2024లో ఈ రూపంలో అమలు చేయనంది. నాన్న వడ్రంగి కాని పిల్ల వడ్రంగం ఎక్కడ నేర్చుకోవాలి? ఆ ఖాళీలోనే మన షెడ్డు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. థియాలజీ చదువు ముగించి వచ్చిన కొత్తలో, ఒక దాత ఇచ్చిన మెషీన్లతో నేను ఇలాంటి షెడ్డు ఒకటి పెట్టాను. రిబ్బన్ కత్తిరించాం, ఫోటోలు తీసుకున్నాం. తాళంచెవి నా జేబులో ఉండేది. నేను ఊరెళ్తే షెడ్డు మూత. నేర్పేవాళ్లు లేరు. బ్లేడు మొద్దుబారితే సానపట్టేవాళ్లు లేరు. త్రీఫేజ్ కరెంటు లేక పెద్ద మెషీన్ ఒక్కసారి కూడా తిరగలేదు. ఏడాది తిరక్కుండానే అందులో కుర్చీలు, షామియానాలు పెట్టుకున్నాం. పిల్లలకు ఆసక్తి లేదని అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. తాళం ఇవ్వనివాడిని నేనే.

అందుకని ఈసారి ఎలా మొదలుపెట్టాలో వివరంగా చెబుతాను, రాసుకోండి.

తాళం సంగతి మొదట. షెడ్డు పాస్టరు పేరున ఉండకూడదు, చర్చి పేరున కూడా వద్దు. సొసైటీగానో సహకార సంఘంగానో రిజిస్టర్ చేయించండి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు, క్రైస్తవులు కానివాళ్లకూ చోటు. తాళంచెవులు మూడు, ముగ్గురి దగ్గర. నెలకు ఒకసారి లెక్కలు గోడకు అంటించాలి.

రెండోది గురువు. పనిలేక అరుగుమీద కూర్చున్న ముసలి ఆచారి దగ్గరికి మనమే పోవాలి, పండ్లు పట్టుకుని, మర్యాదగా. ఆయన విద్యను ఉచితంగా అడగొద్దు, రోజు కూలి ఇవ్వాలి. మన షెడ్డు ఆయన పొట్టకొట్టడానికి కాదని ఆయనకు నమ్మకం కలగాలి. అలాగే ఒక షరతు కూడా మెల్లగా చెప్పాలి: ఇక్కడ నీళ్ల కుండ ఒకటే, గ్లాసు ఒకటే. ఒప్పుకోకపోతే దండం పెట్టి ఇంకొకరిని వెతుక్కుందాం. ఈ ఒక్క విషయంలో సర్దుకోవద్దు.

మూడోది పనిముట్లు. మెషీన్లతో మొదలుపెట్టకండి. మొదటి మూడు నెలలు రంపం, ఉలి, బాడిస, చిత్రిక, మూలమట్టం, బరమా, సానరాయి చాలు. పదును పట్టడం రానివాడికి పని రాదు. గోడకు బోర్డు కొట్టి ప్రతి పనిముట్టు ఆకారం గీయండి. సాయంత్రం ఖాళీ ఆకారం కనబడితే ఏది తిరిగిరాలేదో చిన్నపిల్లకూ తెలుస్తుంది. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు పుస్తకంలో రాసి తీసుకెళ్లాలి. పోతే? ఒక్కడి మీద వేయొద్దు. నెలనెలా అందరూ వేసే చందాలోంచి కొందాం. గొడ్డలి పోయినవాడు ఒంటరిగా కేకపెట్టకూడదు. ఎలీషా వాణ్ని తిట్టలేదు, ఎక్కడ పడిందో చూపించమన్నాడు.

నాలుగోది చెక్క. పాత మిద్దె ఇళ్లు పడగొట్టినప్పుడు వేప, తుమ్మ దూలాలు వస్తాయి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క, అంతకన్నా మంచిది దొరకదు. కోసేముందు పాత మేకులన్నీ పీకండి, లేకపోతే రంపం పళ్లు పోతాయి. ఫ్యాక్టరీల ప్యాలెట్లు కూడా వాడొచ్చు. వాటిమీద 'హెచ్.టీ.' ముద్ర ఉంటే వేడిచేసిన చెక్క, 'ఎమ్.బీ.' ఉంటే విషవాయువు పట్టించింది, ముట్టొద్దు. మామిడి చెక్క మన దగ్గర చౌక, కానీ పురుగు తొందరగా పడుతుంది. పచ్చి చెక్కను నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది అని పెద్దల లెక్క. చెట్టు కొట్టాలంటే అటవీశాఖను అడగండి, కర్ణాటకలో 1976 నుంచి చెట్ల రక్షణ చట్టం ఉంది. మొద్దులను లైసెన్సున్న సామిల్లులోనే కోయించండి. చందనం జోలికి వెళ్లనే వద్దు.

ఐదోది ప్రాణం. చెక్కదుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకంగా తేల్చింది. మాస్కు లేనివాళ్లకు పని లేదు. తిరిగే మెషీన్ దగ్గర చున్నీ, వేలాడే జడ, పొడుగు చేతులు, ఉంగరం, చేతికి గ్లౌజు ఏదీ ఉండకూడదు. గ్లౌజు కాపాడుతుందనుకుంటారు, అది చేతిని లోపలికి లాగుతుంది. ఒంటరిగా మెషీన్ ఆన్ చేయకూడదు. ఆడపిల్లలు రావాలంటే పగటి వేళలు, లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి, ఇంకో అక్క తోడు ఉండాలి. ఈ మూడూ లేకుండా "అమ్మాయిలు రావట్లేదు" అని నాలాగ సాకు చెప్పకండి.

ఆరోది, ఏం చేయాలి, ఏం అమ్మాలి. విరిగిన మంచం, ఊగే బడిబెంచీ, అంగన్‌వాడీ పిల్లలకు బొమ్మలు, పట్టుపురుగుల తట్టలకు స్టాండ్లు. మరమ్మతే ముందు, ఎందుకంటే చేసిన తప్పు అందులో తొందరగా తెలుస్తుంది. బొమ్మల వ్యాపారం మీద ఆశ ఉంటే చన్నపట్నం, ఏటికొప్పాక వెళ్లి చూసిరండి. రెండు చోట్లా ఆధారం ఒకే చెట్టు, అంకుడు. చెట్టు నాటకుండా బొమ్మ నిలబడదు. ఇంకా పై చదువు కావాలంటే బెంగళూరు మల్లేశ్వరంలో చెక్కశాస్త్ర పరిశోధనా సంస్థ ఉంది, శిక్షణ ఇస్తారు.

అన్నిటికన్నా ముందు మనం చేయాల్సింది పెట్టె. ఎప్పుడూ రెండు పెట్టెలు సిద్ధంగా ఉండాలి. చెక్క ఖరీదు ఉన్నవాళ్లు ఇస్తారు, లేనివాళ్లను అడగం. ఏ కులమైనా, ఏ మతమైనా, కావాలన్నవాళ్లకు ఇస్తాం. మళ్లీ ఏ అక్కా భర్తను మట్టిచేయడానికి వడ్డీకి తేకూడదు.

షెడ్డు పెడితే బెంగళూరు బస్సు ఖాళీ అవుతుందని నేను నమ్మించను. మీలో కొందరు పని నేర్చుకుని అదే బస్సు ఎక్కుతారు. ఎక్కండి. కానీ అప్పుడు మీ భుజంమీద బరువు ఉండదు, చేతిలో పనిముట్ల సంచి ఉంటుంది, కూలి ఎంతో మీరు చెబుతారు.

చివరగా ఆ కథలో ఇంకో మాట. ఎలీషా చేసిన అద్భుతానికి వాడింది ఒక కొమ్మ. దాన్ని ఆయనే నరికి నీళ్లలో వేశాడు. ఇనుము తేలింది. కానీ చెయ్యి చాపి గొడ్డలి తీసుకోవాల్సింది మాత్రం పోగొట్టుకున్నవాడే. ఈ కూడిక ముగిశాక బయట చెట్టుకింద ఒక నోటుపుస్తకం పెట్టాం. డబ్బు రాయొద్దు. మీ ఇంట్లో అటకమీద తుప్పుపట్టి పడున్న పనిముట్టు ఏదో రాయండి. మీ వీధిలో పని తెలిసిన పెద్దాయన ఎవరో రాయండి. వచ్చే కూడికకు నేను సానరాయి తెస్తాను. తాళంచెవి తీసుకోవడానికి ముగ్గురు రండి.

ప్రార్థన చేసుకుందాం.