వృద్ధాశ్రమంలో అన్నం: దయా? హక్కా?

(అనకాపల్లిలో జరిగిన స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏం మాట్లాడతావని అడిగితే, వృద్ధాశ్రమాల్లో భోజనం గురించి అన్నాను. ఒకామె నవ్వి, "అన్నం పెడుతున్నారు కదమ్మా, ఇంకా హక్కులేమిటి?" అంది. ఆ ప్రశ్నకే ఈవేళ జవాబు చెప్పాలనుకుంటున్నాను.

మా పిన్ని సంగతితో మొదలుపెడతాను. ఈ చుట్టుపక్కల పల్లెలోనే పుట్టింది. బెల్లం వండే రోజుల్లో గానుగ దగ్గర పనిచేసే ఇరవై మందికి వండి వడ్డించి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తిన్న మనిషి. భర్త పోయి, కొడుకులు పనులకోసం దూరం వెళ్లాక ఒక ఆశ్రమంలో చేరింది. పింఛను డబ్బులో కొంత ప్రతి నెలా అక్కడ ఇచ్చేది. ఆ ఆశ్రమం పేరు చెప్పను. నడిపేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. చెడ్డవాళ్లు కాకపోయినా ఇలా జరుగుతుందనే నేను చెప్పబోతున్నాను.

ఏడాదిలో పిన్ని 48 కిలోల నుంచి 41 కిలోలకు తగ్గిపోయింది. పరీక్షలన్నీ చేయిస్తే కొత్త జబ్బేమీ లేదు. "ఈవిడ తినటం లేదు" అన్నాడు డాక్టరు. "పెడుతూనే ఉన్నాం" అన్నారు ఆశ్రమంవాళ్లు. ఇద్దరూ నిజమే చెప్పారు. అది ఎలా సాధ్యమో చూద్దామని ఒక రోజంతా అక్కడే కూర్చున్నాను.

ఉదయం 9 గంటలకు ఉప్మా. ఒంటి గంటకు అన్నం, సాంబారు, ఒక కూర, నీళ్ల మజ్జిగ. సాయంత్రం ఆరున్నరకే రాత్రి భోజనం. ఎందుకింత తొందరగా అంటే, వంటచేసే ఆమె ఏడు గంటల బస్సు అందుకోవాలి. అంటే సాయంత్రం ఆరున్నర నుంచి మర్నాడు తొమ్మిది దాకా పద్నాలుగున్నర గంటలు కడుపు ఖాళీ. చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకునేవాళ్లు కూడా అంతే. అమెరికాలో నర్సింగ్ హోములకు ఒక నిబంధన ఉంది. రాత్రి భోజనానికి, ఉదయం ఫలహారానికి మధ్య 14 గంటలు మించకూడదు. మించాలంటే పడుకునేముందు బలమైన ఆహారమేదైనా ఇవ్వాలి, పైగా అక్కడుండేవాళ్ల సంఘం ఒప్పుకోవాలి. చూడండి, తినేవాళ్ల ఒప్పుదల కావాలి!

పిన్ని నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. పళ్లు లేవు, కూరలో ముక్కలు నమలలేదు. నీళ్లు కూడా తాగలేదు. తాగితే రాత్రి లేవాలి, మరుగుదొడ్డి వసారా చివర ఉంది, అక్కడ దీపం లేదు. చూశారా, కంచం గురించి మాట్లాడబోతే దీపం దాకా వెళ్లాం. "నీకేం తినాలని ఉంది?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట నన్నెవరూ అడగలేదే" అంది. ఇంకాసేపటికి చోడి అంబలి అంది, నెత్తళ్ల పులుసు అంది.

అత్తకేమిష్టమో, మామకేమిష్టమో, భర్తకేమిష్టమో జీవితమంతా కనుక్కుంటూ వండిన స్త్రీలు వీళ్లు. తమకేది ఇష్టమో చెప్పే అలవాటే వాళ్లకు లేకుండా చేశాం. భర్త పోయినవాళ్లకైతే కొన్ని కులాల్లో ఉల్లి కూడదు, రాత్రి అన్నం కూడదు అన్న ఆంక్షలు. అలా అణిగి వచ్చిన మనిషి ఆశ్రమంలో నోరు తెరిచి అడుగుతుందా? అడగటం లేదు కాబట్టి అంతా బాగుందని నిర్వాహకులు అనుకుంటారు. ఆ మౌనం ఎక్కడినుంచి వచ్చిందో మనకు తెలుసు.

ఇక దాతల సంగతి. పుట్టినరోజనీ, వర్ధంతి అనీ భోజనం పెట్టిస్తారు. మంచి ఉద్దేశమే. నేనున్న రోజున ఒక కుటుంబం వచ్చింది. వాళ్లు వచ్చేసరికి రెండయింది. అప్పటిదాకా ముసలివాళ్లంతా కంచాలముందు కూర్చునే ఉన్నారు. ఫోటోలయ్యాక పులిహోర, బూరెలు, లడ్డు వడ్డించారు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లూ తిన్నారు, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందోనని. దాత ముచ్చట తీరింది. ఆకలి వేళ మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు చట్టం మాట. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, నీడ, వైద్యం అని అందులో రాశారు. మొదటిమాట తిండే. 19వ సెక్షన్ ప్రకారం నిరుపేద వృద్ధులకోసం జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి తగ్గకుండా, ప్రభుత్వం ఆశ్రమాలు ఏర్పాటు చేయవచ్చు. "చేయాలి" అనలేదు, "చేయవచ్చు" అన్నారు. ఆ ఒక్కమాటలో ఎంతో జారిపోయింది. అదే సెక్షన్ ఆశ్రమాల్లో ఉండవలసిన ప్రమాణాలను నిర్ణయించే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది కాబట్టి ఇది మన కలెక్టరు ఆఫీసులో అడగవలసిన ప్రశ్న. వృద్ధుల గౌరవం, ఆరోగ్యం, నీడ రాజ్యాంగం ఇచ్చిన హక్కులేనని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసులో చెప్పింది. కాబట్టి ఇది దయ కాదు.

ఖర్చు ఎక్కువవుతుందంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 40 గ్రాములు దాటుతుంది. పలచటి సాంబారుతో, నీళ్ల మజ్జిగతో అది రాదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో దాదాపు అంతే. ఆస్ట్రేలియాలో 60 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లపాటు ఒక పరీక్ష చేశారు. సగం ఆశ్రమాల్లో పాలు, పెరుగు, జున్ను పెంచారు. అక్కడ ఎముకలు విరగటం 33 శాతం, తుంటి ఎముక విరగటం 46 శాతం తగ్గాయి. 2021లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మా పిన్ని ఆ చీకటి వసారాలోనే పడి తుంటి విరిగింది, మళ్లీ లేవలేదు. పాలు పోసి ఉంటే విరిగేది కాదని నేను అనను. కానీ ఒక గ్లాసు పాలు, ఒక బల్బు ఖరీదైనవని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.

ఎలా వడ్డిస్తామన్నదీ ముఖ్యమే. నెదర్లాండ్స్‌లో ఐదు ఆశ్రమాల్లో 178 మందితో ఆరు నెలలు చేసిన పరీక్ష 2006లో వచ్చింది. కంచంలో ముందే పెట్టి ఇవ్వకుండా గిన్నెలు బల్లమీద పెట్టి, ఇంట్లోలాగా అందరూ కలిసి తినేలా చేస్తే మనుషుల బరువు నిలబడింది, హుషారు నిలబడింది.

పిన్ని పోయాక మేం ఆ ఆశ్రమాన్ని వదల్లేదు. నిర్వాహకులతో పోట్లాడాం, తర్వాత కలిసి కూర్చున్నాం. ఇప్పుడు ఉదయం ఆరింటికి బెల్లం వేసిన చోడి జావ ఇస్తున్నారు. రాత్రి భోజనం ఏడున్నరకు. పడుకునేముందు పాలు. నమలలేనివాళ్లకు మెత్తగా వేరే వండుతున్నారు. సరుకులు కొనేముందు నెలకోసారి అందరూ కూర్చుని ఏం వండాలో చెబుతారు, నల్లబల్లమీద రాస్తారు. మొదటి సమావేశంలో ఆడవాళ్లెవరూ నోరు విప్పలేదు. మూడోసారికి, చారులో చింతపండు ఎక్కువైందని ఒకామె గట్టిగా చెప్పింది. నాకు ఎంతో సంతోషమైంది. దాతలను భోజనం తేవద్దని, పప్పు, నూనె, గుడ్లు ఇమ్మని అడుగుతున్నారు. చేపల మాట మాత్రం ఇంకా తేలలేదు.

రెండు హెచ్చరికలు. ఒకటి, వంటచేసే ఆమె కూడా స్త్రీయే. ముసలివాళ్ల హక్కు పేరుతో ఆమె పనిగంటలు పెంచి, జీతం పెంచకపోతే అది న్యాయం కాదు. ఇక్కడ ఆమెకు సాయంగా మరో మనిషిని పెట్టాకే రాత్రి భోజనం వేళ మార్చారు. రెండు, ఒకావిడ ఆ వంటామె కులం అడిగి, ఆమె చేతి అన్నం తిననంది. నచ్చింది తినటం హక్కు. వండిన చేతిని వెలివేయటం హక్కు కాదు. ఆ మాట అక్కడే, అందరిముందే చెప్పాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటంలో నలభై ఏళ్ల వయసున్న స్త్రీలకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇంట్లోకి సారా రాకుండా ఆపినవాళ్లు తమ కంచంలోకి ఏం రావాలో చెప్పలేరా? మనం ఆశ్రమాలకు పళ్లు పట్టుకుని వెళుతుంటాం. ఈసారి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు కూడా తీసుకువెళ్లండి. రాత్రి భోజనం ఎన్నింటికి? పాలు, గుడ్డు ఇస్తున్నారా? ఏం వండాలో ఎవరిని అడుగుతున్నారు?

మూడో ప్రశ్నకు జవాబు ఆఫీసు గదిలో వినకండి. పంక్తిలో, ముసలమ్మ పక్కన కూర్చుని వినండి.