నాణెమును మ్రోగించి చూచువారు

పూర్వము సంతలో వర్తకుడు రూపాయిని రాతిపై మ్రోగించి, చెవి యొగ్గి వినినగాని పెట్టెలో వేసికొనెడివాడు కాడు. బిట్‌కాయిను అను ద్రవ్యమునకు మ్రోత లేదు. అది కంప్యూటరు ప్రోగ్రాములోని లెక్క మాత్రమే. ఆ ప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, మార్పు సూచింపవచ్చును. యజమాని లేని యీ సొత్తును మ్రోగించి చూచువారిలో జీతము లేని స్వచ్ఛంద పరీక్షకులు పెక్కుమంది. ఖాళీ వేళలలో మేమును వారిలో చేరుదుము.

క్రొత్త కూర్పు వెలువడుటకు ముందే దాని ముసాయిదాను మా యంత్రములలో నడిపి చూతుము. విలువ లేని నాణెములతో నడచు 'టెస్ట్‌నెట్' ఇందుకే కలదు. పంపదగినదానిని పంపుట సులభము. పంపరానిదానిని పంపజూచుటయే అసలు పరీక్ష.

2010 ఆగస్టు 15న కూడికలో దొరలిన పొరపాటు వలన, మొత్తము 2 కోట్ల 10 లక్షలకు మించరాని నాణెములు ఒక్క లావాదేవీలో 18,400 కోట్లకు పైగా పుట్టినవి. కొన్ని గంటలలోనే దానిని దిద్దిరి.

2018లో బయటపడిన తప్పు మమ్మెక్కువగా కలవరపెట్టును. ఒకే నాణెమును ఒకే లావాదేవీలో రెండుమారులు ఖర్చు చేయుచున్నారా యని చూచు తనిఖీని, అది వేరొకచోట జరుగుచునే యున్నదని తలచి, వేగము కొరకు తీసివేసిరి. 2017లో వెలువడిన ఆ కూర్పును ఎందరో చదివిరి, ఎందరో నడిపిరి. ఏడాదిన్నర వరకు కనిపెట్టినవారు లేరు. తుదకు కనిపెట్టి గుట్టుగా తెలిపినవాడు పోటీదారైన బిట్‌కాయిన్ క్యాష్ పక్షమువాడు! సెప్టెంబరు 18న దిద్దిన కూర్పు వెలువడినది. బిట్‌కాయినులో దొంగనాణెము పుట్టలేదు.

నాటినుండి 'దీనిని వేరొకరు చూచియుందురు' అను తలపు కలిగినచోటనే మేము మొదట ఆగుచున్నాము.