రాష్ట్రపతి పదవికి రాజకీయానుభవ మెంత కావలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలయందు గ్రంథమహిమను గూర్చి పలుకుట వాడుక. ఆ పనిని నాకంటె పెద్దలు ఇదివరకే చేసియున్నారు. నేను గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను గనుక ఒక లెక్కనే తెచ్చితిని. 2022 జూలైలో శ్రీమతి ద్రౌపదీ ముర్ముగారు రాష్ట్రపతి పదవికి పోటీచేసిన దినములలో, మన పఠనమందిరమున పత్రిక చుట్టును చేరినవారు వాదించుకొనిన ప్రశ్న యిది: ఆ పీఠ మెక్కువారికి రాజకీయానుభవ మెంత యుండవలెను? ఒకరు నలువదియేండ్లన్నారు. మఱియొకరు, సంతకము చేయుటకు అనుభవముతో పనియేమి యన్నారు. ఈ రెండవ మాట మన కొండలలోనివారు అనదగినది కాదు.

రాజ్యాంగము 58వ అధికరణమున అడిగినది స్వల్పము. భారత పౌరుడై, ముప్పదియైదేండ్లు నిండి, లోకసభకు ఎన్నికగుటకు అర్హత కలిగి, ప్రభుత్వమున లాభదాయకమైన పదవిలో లేకున్న చాలును. అనుభవమను మాటయే అందులో లేదు. (కాపలావాని కొలువునకైనను అనుభవపత్ర మడుగు కాలమిది!) ఎన్నుకొనువారమును మనము కాము, మన ప్రతినిధులు. 2022లో మన శాసనసభ్యుని వోటు విలువ 159, పార్లమెంటు సభ్యుని వోటు విలువ 700. ఆ 159 సయితము 1971 జనాభాను బట్టి కట్టిన లెక్క.

ఇక ఆ సంతకమునకును మన కొండలకును గల సంబంధము వినుడు. ఐదవ షెడ్యూలు ననుసరించి ఏది షెడ్యూల్డు ప్రాంతమో ప్రకటించువారు రాష్ట్రపతి. అచ్చటి భూములను గూర్చి గవర్నరు చేయు నిబంధన రాష్ట్రపతి సమ్మతి లేనిదే చెల్లదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను గట్టిపఱచిన 1970 నాటి ఒకటవ నిబంధన, మనము వన్ ఆఫ్ సెవెంటీ అనునది, ఆ త్రోవనే వచ్చినది. అది 1970 ఫిబ్రవరి 3వ తేదీన అమలులోనికి వచ్చునప్పటికి రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరిగారు. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి మొదట గిరిజనునిదే యని ఆ నిబంధన భావించును. కాదనువాడే ఋజువు చూపవలెను. బొఱ్ఱాగుహల చెంత గనుల లీజులపై సమత సంస్థ నడిపిన వ్యాజ్యమున, ప్రభుత్వమైనను అట్టి భూమిని గిరిజనేతరులకు లీజు కీయరాదని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పుటకు ఆధారము ఆ నిబంధనయే. మన అడంగళ్లలో మనవారి పేర్లు నేటికిని నిలిచియున్నవన్న, వాని వెనుక ఢిల్లీలో ఎవరో చదివి సమ్మతించిన ఒక దస్త్రమున్నది.

కావున ఆ దస్త్రమును చదువువారు ఎట్టివారై యుండవలెను? నా వృత్తిలో ఒకటి చూచితిని. క్రొత్త గుమాస్తా తెలియక సంతకము చేయును. పాత గుమాస్తా ఎవరికి కోపము వచ్చునో తెలిసి సంతకము చేయును. ఫక్రుద్దీన్ ఆలీ అహమ్మదుగారు 1938 నాటికే అస్సాములో మంత్రి, పిదప కేంద్రమంత్రి. అంతటి అనుభవజ్ఞులు 1975 జూన్ 25 రాత్రి, మంత్రివర్గము సమావేశము కాకమునుపే, అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. సలహాను ఒక్కమారు పునఃపరిశీలనకు పంపు అధికారము 1978 నాటి 44వ సవరణతో స్పష్టమైనది. దౌత్యోద్యోగములలో చాలకాలము గడపిన కె. ఆర్. నారాయణన్‌గారు 1997లో ఉత్తరప్రదేశమున రాష్ట్రపతి పాలన విధింపవలెనన్న సలహాను అట్లు త్రిప్పిపంపిరి. విజ్ఞానవేత్తయగు అబ్దుల్ కలాంగారికి రాజకీయానుభవ మిసుమంతయు లేదు. 2005లో మాస్కో నగరమున నుండియే బీహారు శాసనసభ రద్దునకు సమ్మతించిరి. అది రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చినది. ఆయనయే 2006లో లాభదాయక పదవుల బిల్లును పార్లమెంటునకు త్రిప్పిపంపిరి. పీఠముమీద కూర్చుండియే నేర్చిరన్నమాట. ఆ చదువునకు రుసుము దేశము చెల్లించినది.

గురువు లేక తడుముకొనుచు భారతము చదివినవాడను. సభాపర్వమున ద్రౌపది ధర్మప్రశ్న యడిగినపుడు, తరతరముల రాజ్యతంత్ర మెఱిగిన భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. లేచి న్యాయము పలికినవాడు దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. అట్లని అనుభవము లేనివారందఱు వికర్ణులగుదురా? అంతఃపురమున ప్రగల్భములు పలికి, కౌరవసేనను చూచినంతనే రథము దిగి పరుగెత్తిన ఉత్తరకుమారుడును ఆ భారతములోనివాడే.

ముర్ముగారి కథలో నాకు నచ్చినది ఏండ్ల సంఖ్య కాదు. నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగిగా పనిచేసి, 1997లో రాయరంగపూరు నగరపంచాయతి సభ్యురాలై, ఒడిశాలో శాసనసభ్యురాలై, మంత్రియై, 2015లో ఝార్ఖండ్ గవర్నరైరి. అచ్చట ఛోటానాగపూరు, సంతాల్ పరగణాల కౌలు చట్టములను సవరించు బిల్లులు శాసనసభలో నెగ్గి ఆమె బల్లమీదికి వచ్చినవి. ఆదివాసుల భూమిని అన్యప్రయోజనములకు మార్చుటకు దారి తీయు బిల్లులవి. తన పక్షమువారి ప్రభుత్వమే పంపినను 2017లో ఆమె వానిని త్రిప్పిపంపిరి. అవి చట్టములు కాలేదు. నన్నడిగినచో, ఆమె అనుభవమంతటిలో లెక్కకు వచ్చునది ఆ ఒక్క కాగితము.

మన యింటి సంగతియు చెప్పవలెను. 2019లో అరకు పార్లమెంటు స్థానమున వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసిన గొడ్డేటి మాధవిగారు, పలుమార్లు లోకసభకు ఎన్నికైన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ గారిని రెండు లక్షలకు పైగా వోట్ల ఆధిక్యముతో ఓడించిరి. ఆ అనుభవజ్ఞుడు గిరిజన వ్యవహారముల మంత్రిగా నున్నపుడు, బాక్సైటు విషయమున ఐదవ షెడ్యూలు అధికారమును వినియోగింపవలెనని గవర్నరునకు వ్రాసినవారు. 2024లోను మాజీ సభ్యురాలిపై వైద్యురాలగు గుమ్మా తనూజారాణిగారు గెలిచిరి. క్రొత్తవారిని పంపుట తప్పని నేననను. పంపినవారికి ఆ షెడ్యూలు తెలియునా యని ఎవరును అడుగకుండుటయే నాకు వెలితిగా తోచినది.

ఐదేండ్లకొకమారు రాష్ట్రపతి ఎన్నిక వచ్చును. వోటు వేయుటకు పోవు మన సభ్యులు సంతరోజున ఎదురైనపుడు, ఆ అభ్యర్థి ఇదివరకు ఏ కాగితమునైనను త్రిప్పిపంపినాడా యని అడుగుడు. అడుగుటకు ముందు మనమును చదువవలెను. ఐదవ షెడ్యూలు కొలది పుటలకు మించదు. రాజ్యాంగపు తెలుగు ప్రతి మన బీరువాలో క్రింది అరయందున్నది.