ప్రతిసారీ ఆమే ఎందుకు చావాలి?

(స్త్రీలు, దృశ్య మాధ్యమాలు అనే అంశం మీద మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మనం టి.వి. సీరియళ్ళ గురించి మాట్లాడుకుంటున్నాం. అత్తాకోడళ్ళ కథలు, వాటిలో స్త్రీని చూపించే తీరు - ఇదంతా మనకు బాగా అలవాటైన చర్చ. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దానికి కొంచెం ఎడంగా ఉండే విషయం. తెర మీద ఏం చూపించారన్నదానికంటే, చూసినవాళ్ళు ఏమన్నారు, ఎందుకన్నారు, వాళ్ళ మాటకు ఏం జవాబు వచ్చింది అన్నది నాకు ముఖ్యం. అందుకోసం ఒక అమెరికన్ సీరియల్‌లో ఒకే ఒక్క భాగాన్ని తీసుకుంటున్నాను. అందులో ఇద్దరు మంత్రగత్తెలున్నారు.

ఆ మాట వినగానే మీలో కొందరి ముఖాలు మారాయి. మంత్రగత్తె అనేది మన ఊళ్ళలో సరదా మాట కాదు. చేతబడి చేసిందని ఆడమనిషిని చెట్టుకు కట్టి కొట్టడం, పళ్ళు ఊడగొట్టడం మనం విన్నాం, కొందరం వెళ్ళి చూశాం కూడా. ఒంటరి వితంతువు, ఆమె పేరున కాస్త భూమి, పక్కింట్లో జబ్బుపడిన పిల్లవాడు - ఈ మూడూ కలిస్తే చాలు. స్త్రీని మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడం నేరమని బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో ప్రత్యేకంగా చట్టాలు చేసుకోవలసి వచ్చింది. అమెరికాలో 1990ల నాటి ఆడపిల్లలకు అదే మాట బలానికి గుర్తయింది. లోకానికి తెలియని శక్తిని లోపల దాచుకున్న స్త్రీ అన్న అర్థం వచ్చింది. ఈ తేడాను మనసులో ఉంచుకుని మిగతాది వినండి.

సీరియల్ పేరు 'బఫీ ది వాంపైర్ స్లేయర్'. 1997 మార్చి నుంచి 2003 మే దాకా వచ్చింది. రక్తపిశాచాలను వేటాడే బఫీ అనే అమ్మాయి కథ. మా చెల్లెలి కూతురు "పెద్దమ్మా, నువ్వు స్త్రీల హక్కులంటావు కదా, ఇది చూసి మాట్లాడు" అని పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. మొదట్లో పిశాచాల గోల నాకు విసుగనిపించిన మాట నిజం. తర్వాత విల్లో, టారా వచ్చారు.

విల్లో బఫీ స్నేహితురాలు. బాగా చదివే పిల్ల. మెల్లగా మంత్రవిద్య నేర్చుకుంటుంది. 1999 డిసెంబరులో వచ్చిన భాగంలో, కాలేజీలో ఆమెకు టారా పరిచయమవుతుంది. టారా బెరుకు మనిషి, మాట తడబడుతుంది. ఆ భాగంలో ఊరందరి గొంతులూ పోతాయి. ప్రాణాలు తీసేవాళ్ళు తరుముతుంటే ఈ ఇద్దరూ ఒక గదిలోకి దూరతారు. అక్కడున్న కూల్‌డ్రింకుల యంత్రాన్ని మంత్రంతో జరిపి తలుపుకు అడ్డం పెట్టాలని విల్లో చూస్తుంది, ఆమె ఒక్కదాని వల్లా కాదు. టారా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటుంది. యంత్రం ఒక్క ఊపున వెళ్ళి తలుపుకు కొట్టుకుంటుంది. ఒక్క మాట కూడా లేని ఆ సన్నివేశంలో ఇద్దరు స్త్రీల మధ్య ఏదో మొదలైందని చూసినవాళ్ళకు తెలిసిపోయింది. వాళ్ళు ముద్దు పెట్టుకోవడం తెర మీద కనిపించింది మాత్రం 2001 ఫిబ్రవరిలో. అంతవరకూ వాళ్ళ దగ్గరితనాన్ని చెప్పడానికి మంత్రాలే దిక్కయ్యాయి.

అప్పటి అమెరికా టి.వి.లో ఇద్దరు స్త్రీల ప్రేమను అన్నాళ్ళు, అంత గౌరవంగా చూపించడం అరుదు. చిన్న ఊళ్ళో, ఎవరికీ చెప్పుకోలేని పదిహేనేళ్ళ ఆడపిల్లకు వారానికోసారి ఆ ఇద్దరూ ఇంట్లోకి వచ్చేవాళ్ళు. వంట చేసుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు. తనలాంటి వాళ్ళకు రోజువారీ జీవితం ఉంటుందని ఆ పిల్లకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

2002 మే 7న 'సీయింగ్ రెడ్' అనే భాగం వచ్చింది. అప్పటికి వాళ్ళిద్దరూ కొంతకాలం విడిపోయి ఉన్నారు. పోట్లాట మరిచిపోవాలని విల్లో మంత్రం వేసి టారా జ్ఞాపకాన్ని చెరిపేసింది. నా మనసు మీద నా అనుమతి లేకుండా చెయ్యి వేశావని ఆ బెరుకు మనిషే ఇల్లు వదిలి వెళ్ళింది. ఇన్నాళ్ళకు మళ్ళీ కలిశారు. ఆ భాగమంతా ఇద్దరూ సంతోషంగా ఉంటారు. చివర్లో వారెన్ అనేవాడు తుపాకి పట్టుకుని బఫీని చంపడానికి పెరట్లోకి వస్తాడు. ఆడదాని చేతిలో ఓడిపోవడం భరించలేనివాడు, అంతకుముందే తనను వదిలేసిన అమ్మాయిని చంపినవాడు. వాడి తూటా ఒకటి గురితప్పి మేడమీద కిటికీలోంచి దూసుకెళ్ళి టారాకు తగులుతుంది. విల్లో చొక్కా మీద రక్తం చిందుతుంది. టారా పాత్ర వేసిన ఆంబర్ బెన్సన్ పేరును సీరియల్ మొదట్లో వచ్చే ముఖ్యనటుల వరసలో వేసింది మొదటిసారీ చివరిసారీ ఆ రోజే. తర్వాతి భాగంలో విల్లో వారెన్‌ను పట్టుకుని బతికుండగానే చర్మం ఒలిచేస్తుంది. ఆపైన లోకాన్నే నాశనం చెయ్యబోతుంది.

చూసినవాళ్ళు ఊరుకోలేదు. రాసినవాళ్ళకు కోపంగా ఉత్తరాలు రాశారు. పాత సినిమాలు, సీరియళ్ళు తిరగేసి లెక్క తీశారు. అమెరికాలో 1934 నుంచి గట్టిగా అమలైన సినిమా నియమావళి ఇలాంటి ప్రేమలను చూపించకూడదంది. అది సడలుతున్న కాలంలో, 1961లో వచ్చిన 'ది చిల్డ్రన్స్ అవర్' సినిమాలో తోటి ఉపాధ్యాయురాలిని ప్రేమించానని గ్రహించిన స్త్రీ ఉరి వేసుకుంటుంది. వీటో రూసో 1981లో అచ్చువేసిన 'ది సెల్యులాయిడ్ క్లోసెట్' ఇలాంటి చావుల చరిత్రను వివరంగా చెప్పింది. స్త్రీని ప్రేమించిన స్త్రీ చివరికి చావాలి, లేదా పిచ్చిదో హంతకురాలో కావాలి. ఈ సీరియల్‌లో రెండూ జరిగాయి.

దీనికి వచ్చిన జవాబు మనం జాగ్రత్తగా వినాలి. ఈ సీరియల్‌లో ఎవరికీ చావు నుంచి మినహాయింపు లేదు, బఫీ తల్లి కూడా చనిపోయింది, టారాను మిగతావాళ్ళతో సమానంగానే చూశాం, ఆమె లెస్బియన్ కాబట్టి చంపకూడదంటే అదే వివక్ష - వాదం ఈ దారిలో సాగింది. దీన్ని ఒప్పుకున్న ప్రేక్షకులూ ఉన్నారు, వాళ్ళలో లెస్బియన్లూ ఉన్నారు. దుఃఖం అంత నిజంగా చూపించడమే ఆ ప్రేమకు ఇచ్చిన గౌరవం అని వాళ్ళన్నారు.

ఈ వాదం మనకు కొత్త కాదు. అందరూ సమానమైనప్పుడు ఆడవాళ్ళకు ప్రత్యేక అవకాశాలెందుకు, రిజర్వేషన్లెందుకు అని మనల్ని అడిగేవాళ్ళు మాట్లాడేది సరిగ్గా ఇదే. అసమానంగా ఉన్నచోట అందరినీ ఒకేలా చూస్తే అసమానతే మిగులుతుందని తెలిసే మన రాజ్యాంగంలో 15(3) అధికరణ పెట్టుకున్నాం. తెర నిండా భార్యాభర్తలున్నప్పుడు ఒక భర్త చనిపోతే అది ఒక మనిషి చావు. ఉన్నదే ఒక్క జంట అయినప్పుడు అది ఒక బతుకు అవకాశం చావు. పంక్తిలో వాళ్ళకు ఒకే విస్తరి వేసి, దాన్నీ లాగేసి, అందరితో సమానంగానే చూశాం కదా అంటే ఎలా? ఆ ప్రేక్షకులు అడిగింది ఇదే. దుఃఖం చూపించవద్దని వాళ్ళనలేదు. దుఃఖం ప్రతిసారీ ఎవరి వాటాకు వస్తోంది, పంచేదెవరు అని అడిగారు.

ఇంకొక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. అదే భాగంలో, బఫీతో అంతకుముందు సంబంధం ఉన్న స్పైక్ అనేవాడు స్నానాల గదిలో ఆమె మీద అత్యాచారానికి ప్రయత్నిస్తాడు. ఆమె వద్దంటూనే ఉంటుంది. దాని మీదా చూసినవాళ్ళు రెండుగా చీలిపోయారు. వాడికి ఆత్మ లేదు కాబట్టి తప్పు వాడిది కాదన్నవాళ్ళున్నారు. ఇదివరకు ఆమే వాడి దగ్గరకు వెళ్ళింది కదా అన్నవాళ్ళున్నారు. ఈ రెండో మాట మనం పోలీసు స్టేషన్లలో ఎన్నిసార్లు వినలేదు? పెళ్ళి చేసుకున్న భర్తకు అత్యాచారం నేరం వర్తించదన్న మినహాయింపును 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అలాగే ఉంచింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. దీపా మెహతా తీసిన 'ఫైర్' 1998 నవంబరులో ఇక్కడ విడుదలైంది. సెన్సారు సర్టిఫికెట్ ఉన్న సినిమా. డిసెంబరు మొదటి వారంలో శివసేన కార్యకర్తలు ముంబాయిలో, ఢిల్లీలో థియేటర్ల మీద దాడి చేశారు. సినిమాను మళ్ళీ సెన్సారుకు పంపారు. అదే నెలలో ఢిల్లీ రీగల్ థియేటర్ ముందు స్త్రీలు కొవ్వొత్తులతో నిలబడ్డారు. మేము భారతీయులం, లెస్బియన్లం అని అట్టల మీద రాసుకుని వచ్చినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. అదీ ప్రేక్షకుల స్పందనే, ఇదీ ప్రేక్షకుల స్పందనే. ఈ రెండూ ఒకటి కావని మనం స్పష్టంగా చెప్పగలగాలి. థియేటర్ పగలగొట్టేవాడు కథే ఉండకూడదంటాడు. టారా కోసం ఉత్తరాలు రాసినవాళ్ళు, ఇంకా ఎక్కువ కథలు కావాలి, అందులో మేం బతికి ఉండాలి అన్నారు. అశ్లీల పోస్టర్లకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన మనకు కూడా ఈ గీత ఎక్కడ గియ్యాలన్నది ఎప్పుడూ సులువు కాలేదు.

'ఫైర్'లో ఇంకో సంగతి గమనించండి. అందులో ఇద్దరు స్త్రీలూ చివరికి బతుకుతారు, కలుస్తారు. 1986లో మలయాళంలో పద్మరాజన్ తీసిన సినిమాలో, ఒకరినొకరు విడిచి ఉండలేని ఇద్దరు బడిపిల్లలు చివరికి ప్రాణాలు తీసుకుంటారు. ఆ చావు మీద ఎవరూ రాళ్ళు వెయ్యలేదు. బతికినందుకే రాళ్ళు పడ్డాయా అని నాకు అనిపిస్తుంది.

టారా చనిపోయిన పద్నాలుగేళ్ళకు, 2016 మార్చిలో, 'ది హండ్రెడ్' అనే మరో సీరియల్‌లో లెక్సా అనే పాత్రను అలాగే, ప్రియురాలికి దగ్గరైన కాసేపటికే, గురితప్పిన తూటాతో చంపారు. ఈసారి ప్రేక్షకులు కోపంతో ఆగలేదు. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న పిల్లలకు ఫోన్‌లో అండగా నిలిచే సంస్థకు లక్ష డాలర్లకు పైగా చందాలు పోగుచేశారు. ఆ సీరియల్ నిర్మాత బహిరంగంగా క్షమాపణ రాశాడు. కల్పిత పాత్ర కోసం ఏడవడమేమిటని నవ్వినవాళ్ళు, ఆ చందా ఎవరి కోసం వెళ్ళిందో చూస్తే నవ్వరు.

చివరగా నా సంగతి. ఇది నేను ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన సలహా కేంద్రానికి ఒక అమ్మాయిని ఆమె మేనమామ తీసుకొచ్చాడు. డిగ్రీ చదువుతోంది. హాస్టల్లో తోటి అమ్మాయితో కలిసి బతుకుతానంటోంది. మేనమామను బయట కూర్చోబెట్టాను. నేను మంచిదాన్నని, చదువుకున్నదాన్నని అనుకుంటూ, "ఈ వయసులో ఇలాగే ఉంటుందమ్మా, చదువు పూర్తిచెయ్యి, అదే సర్దుకుంటుంది" అన్నాను. ఆ అమ్మాయి కాసేపు నా వంక చూసి, "మేడమ్, మాలాంటి వాళ్ళు ఇద్దరు కలిసి ఉండి, బతికి ఉన్నవాళ్ళు మీకు ఎవరైనా తెలుసా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసినవన్నీ పేపర్లో చదివిన చావులే. నెల తిరక్కుండా పెళ్ళి చేశారని తెలిసింది. తర్వాత ఆమె ఏమైందో తెలియదు. నేను కనుక్కోలేదు కూడా.

ఆ భాగం చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది టారా కాదు, ఆ అమ్మాయే. సీరియల్ చూసి ఏడ్చినవాళ్ళు అడిగిందీ, ఆమె అడిగిందీ ఒకటే ప్రశ్న.

ఇవాళ మనకు సాకులు లేవు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ కింద ఇష్టపూర్వక సంబంధాన్ని నేరంగా చూడకూడదని చెప్పింది. 2023 అక్టోబరులో పెళ్ళి హక్కును మాత్రం ఒప్పుకోలేదు. 2021లో మద్రాసు హైకోర్టులో ఇలాంటి ఇద్దరు అమ్మాయిల కేసు వచ్చినప్పుడు, విన్న న్యాయమూర్తి తనకు ఈ విషయం తెలియదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు, ఇలాంటి కేసుల్లో మనిషి లైంగికతను మార్చే ఉద్దేశంతో కౌన్సెలింగుకు పంపకూడదని కోర్టులకు మార్గదర్శకాలిచ్చింది. నేను ఆ రోజు చేసింది సరిగ్గా ఆ కౌన్సెలింగే.

అందుకని మిమ్మల్ని కోరేది రెండే. మన సలహా కేంద్రాల్లో పనిచేసేవాళ్ళందరం ముందుగా మనం నేర్చుకుందాం, ఆ న్యాయమూర్తి నేర్చుకున్నట్టుగా. రెండోది, ఈ పత్రిక ద్వారా, మన సమావేశాల ద్వారా, కలిసి బతుకుతున్న ఇద్దరు స్త్రీల కథలను, వాళ్ళ ఇష్టంతో, వాళ్ళ పేర్లు దాచి, రాయించి వేద్దాం. అద్దె ఇల్లు ఎలా దొరికింది, రేషన్ కార్డు ఏం చేశారు, ఒకరికి జ్వరమొస్తే ఆస్పత్రిలో సంతకం ఎవరు పెట్టారు - ఇలాంటివి. ఈసారి ఒక పిల్ల వచ్చి అదే ప్రశ్న అడిగితే, "తెలుసమ్మా, కూర్చో, చెబుతాను" అనగలగాలి.