ముందు నడుమును అడగండి, తర్వాత రాడ్డు పట్టించండి

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం జిమ్‌ల ట్రైనర్లంతా ఇక్కడే ఉన్నారు కాబట్టి ఉపోద్ఘాతం జోలికి పోను. నేరుగా రోయింగ్‌లోకి వస్తాను. హుస్సేన్‌సాగర్‌లో తెడ్లు వేసేది కాదు, బ్యాక్ డే నాడు బరువును ఒంటివైపు గుంజిస్తామే, అది.

మన దగ్గరికి వచ్చే కుర్రాడికి అద్దంలో కనబడేవే కావాలి. ఛాతీ, చేతులు. వీపంటే అతని లెక్కలో ‘వింగ్స్’ ఒక్కటే. మనమూ నాలుగు సెట్లు పుల్‌డౌన్ చేయించి పంపేస్తాం. పైనుంచి కిందికి గుంజితే వింగ్స్ వస్తాయి, కాదనను. భుజపుటెముకల నడుమ ఉండే కండ, భుజం వెనక కండ గట్టిపడాలంటే మాత్రం ముందునుంచి వెనక్కి గుంజాల్సిందే. పాత తాలింఖానాల్లో పహిల్వాన్లు గోదా మట్టిని పారతో తవ్వి తమవైపు లాక్కునేవాళ్ళు. వాళ్ళకు రో అంటే అదే. మనం వాళ్ళ దండీలు, బస్కీలు తెచ్చుకుని పారను అక్కడే వదిలేశాం.

ఏ రో మంచిదని చాలామంది అడుగుతారు. ఎవరికి అని నేను తిరిగి అడుగుతాను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే అబ్బాయి పొద్దంతా పుస్తకం మీదికి ఒంగి కూర్చుని సాయంత్రం మన దగ్గరికొస్తాడు. ఇంకొకాయన ఎల్‌బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి బైక్ మీద పోయొచ్చి, హెల్మెట్ తీసీ తీయకముందే రాడ్డు దగ్గర నిలబడతాడు. మరొకరు పగలంతా పండ్ల పెట్టెలు దించిన మనిషి. ముగ్గురి చేతా ఒకే బార్‌బెల్ పట్టించి ఒంగోబెడితే అది ట్రైనింగ్ కాదు. ఒంగి చేసే రోలో రాడ్డు చేతుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, సెట్టు అయ్యేదాకా ఒంటిని నిలబెట్టి మోసేది నడుమే. ఆ నడుము అప్పటికే అలిసిపోయి ఉంటే?

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ బృందం మూడు రకాల రోలను కొలిచి 2009లో ప్రచురించింది. పాల్గొన్నది కొద్దిమందే అయినా ఫలితం మనకు పనికొస్తుంది. బార్‌బెల్‌తో ఒంగి చేసేదాంట్లో వీపంతా పనిచేసింది, నడుము వెన్నుపూసల మీద భారం కూడా అందులోనే ఎక్కువ. రాడ్డు కింద వెల్లకిలా వేలాడి ఛాతీని పైకి తెచ్చే ఇన్‌వర్టెడ్ రోలో ఆ భారం అన్నిటికన్నా తక్కువ, వింగ్స్, వీపు పైభాగం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ పనిచేశాయి. నిలబడి ఒంటిచేత్తో కేబుల్ గుంజేటప్పుడు నడుము మెలితిరగకుండా కాచుకోవాల్సి వచ్చింది.

అందుకే కొత్తవాళ్ళకు నేను స్మిత్ మెషీన్ రాడ్డుతో మొదలుపెడతాను. రాడ్డు ఛాతీ ఎత్తులో ఉంటే తేలిక, కిందికి దించేకొద్దీ కష్టం. ప్లేట్లతో పనే లేదు. ఒళ్ళు బరువున్నవాళ్ళు వేలాడలేరు. వాళ్ళను వాలు బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి డంబెల్స్ ఇవ్వండి. ఒంటి భారం బెంచీ చూసుకుంటుంది.

గుంజడం నేర్పేటప్పుడు ‘చేత్తో గుంజు’ అనకండి, బైసెప్స్‌తో లాగేస్తారు. ‘మోచేయిని వెనక జేబువైపు తీసుకుపో’ అని చెప్పి చూడండి. మోచేయి ఒంటికి దగ్గరగా పోతే వింగ్స్‌కు పని ఎక్కువ, పక్కకు విచ్చుకుంటే భుజాల మధ్య కండకు. డోరియన్ యేట్స్ వీడియోలు చూసి అరచేతులు పైకి పెట్టి రాడ్డు పట్టే కుర్రాళ్ళు ప్రతి జిమ్‌లోనూ ఉంటారు. 1992 నుంచి 1997 దాకా వరుసగా ఆరుసార్లు మిస్టర్ ఒలింపియా గెలిచిన ఆ యేట్స్‌కే 1994లో ఆ పట్టుతో రో చేస్తుండగా ఎడమ బైసెప్స్ తెగింది. తర్వాత పట్టు మార్చుకున్నాడు. మనవాళ్ళు ఆ ముక్క దాకా వీడియో చూడరు.

బరువు సంగతి. రాడ్డు పొట్టకు ఆనిన చోట ఒక్క క్షణం ఆపమనండి. ఆపలేక ఒంటిని ఎగరేస్తున్నాడంటే ప్లేటు తీసేయండి, అతను మొహం మాడ్చుకున్నా సరే. 8 నుంచి 12 రెప్స్, మూడు సెట్లు మామూలు మనిషికి సరిపోతాయి. ‘అన్నా, నడుము నుంచి కాలులోకి జివ్వుమని లాగుతోంది’ అన్నా, పాదం తిమ్మిరెక్కిందన్నా ఆ రోజు ఏ రో వద్దు. ముందు డాక్టర్ దగ్గరికి పంపండి. బెల్టు కట్టి ఇంకో సెట్టు చేయించడం మన పని కాదు.

ఇక బార్‌బెల్ రో. నేనేమీ దాన్ని మానేయమనడం లేదు, ఒంగడం వచ్చినవాళ్ళకే ఇవ్వమంటున్నాను. వచ్చిందో లేదో తేల్చడానికి ఓ కర్ర చాలు. వీపు వెనక నిలువుగా పెడితే తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మీద, మూడుచోట్లా ఆనాలి. మోకాళ్ళు కొంచెం సడలించి పిరుదులు వెనక్కి తోస్తూ ఒంగాలి. ఆ మూడింట్లో ఏ ఒక్కటి వదిలినా వెన్ను గుండ్రమైనట్టే, రాడ్డు ఇంకా ఇవ్వొద్దు. ఆ కర్ర ఇటివ్వండి తమ్ముడూ. ముందు వరసలోంచి ఎవరైనా ఒకరు రండి, చేసి చూపిద్దాం.